చుక్క లేని అక్షరం: సిరియాక్ 'దాలత్–రీష్' డిజిటల్ సంకేతీకరణ – పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం:

సిరియాక్ లిపిలో 'ద'కార ధ్వనిని తెలిపే దాలత్, 'ర'కార ధ్వనిని తెలిపే రీష్ అనే అక్షరాలకు మూలరూపం ఒక్కటే. చుక్క కింద ఉంటే దాలత్, పైన ఉంటే రీష్. అయితే తొలినాటి శాసనాలలో ఈ చుక్కలు లేవు. అటువంటి పాఠాలను కంప్యూటరులో భద్రపరచేటప్పుడు పరిష్కర్త తన నిర్ణయాన్ని మూలంపై రుద్దకుండా ఉండేందుకు యూనికోడ్ ప్రమాణం 'చుక్క లేని దాలత్–రీష్' అనే ప్రత్యేకాక్షరానికి స్థానం కల్పించింది. ఈ అక్షర చరిత్రను, సంకేతీకరణ విధానాన్ని, పొరుగు లిపులైన పాల్మైరీన్, హాత్రన్‌లలో ఇదే సమస్యకు లభించిన పరిష్కారాలను, డిజిటల్ పాఠాల విశ్వసనీయతపై దీని ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సిరియాక్ లిపి, యూనికోడ్, దాలత్, రీష్, శాసనపరిష్కరణ, పాఠసంకేతీకరణ.

1. ఉపోద్ఘాతం:

ప్రాచీన పాఠాన్ని ముద్రించే పరిష్కర్త రెండు పనులు చేస్తాడు. మూలంలో ఉన్నదాన్ని చూస్తాడు, చూసినదాన్ని చదువుతాడు. ఈ రెండూ ఒకటేనని సాధారణంగా భావిస్తాం. కాని లిపి తానే రెండు ధ్వనులకు ఒకే గుర్తును వాడినప్పుడు చూడడానికీ చదవడానికీ మధ్య ఎడం ఏర్పడుతుంది. కంటికి కనిపించేది ఒక గీత. చదువరి దానిని 'ద' అని గాని, 'ర' అని గాని నిర్ణయించాలి. అచ్చు పుస్తకంలో ఈ నిర్ణయానికి కారణాన్ని అధోజ్ఞాపికలో చెప్పవచ్చు. డిజిటల్ పాఠంలో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి అక్షరం ఒక సంఖ్యగా నిలుస్తుంది. పాఠం ఒక చోటి నుండి మరొక చోటికి, ఒక దత్తాంశనిధి నుండి మరొకదానికి తరలిపోతుంటే అధోజ్ఞాపికలు వెనుకబడిపోతాయి. సంఖ్యలు మాత్రమే మిగులుతాయి. అందువల్ల పరిష్కర్త ఏ సంఖ్యను ఎన్నుకున్నాడన్నది సాంకేతిక విషయంగా మాత్రమే మిగలదు. అది పాఠానికి సంబంధించిన ప్రతిపాదన అవుతుంది. సిరియాక్ లిపిలోని ఒక చిన్న అక్షరం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

2. సిరియాక్ లిపి – సంక్షిప్త పరిచయం:

సిరియాక్ అరమాయిక్ భాషాకుటుంబానికి చెందినది. నేటి తుర్కియేలోని షాన్లీఉర్ఫా నగరానికి ప్రాచీననామం ఎదెస్సా. ఆ నగర ప్రాంతపు అరమాయిక్ మాండలికమే క్రమంగా తూర్పు క్రైస్తవుల సాహిత్యభాషగా, ఆరాధనభాషగా ఎదిగింది. తేదీ తెలిసిన సిరియాక్ శాసనాలలో అతి ప్రాచీనమైనది యూఫ్రటీస్ తీరంలోని బిరెజిక్ వద్ద లభించింది. దాని కాలం సా.శ. 6. ఈ భాష భారతదేశానికి కొత్తది కాదు. కేరళలోని తోమా క్రైస్తవుల ఆరాధనలో శతాబ్దాలుగా వినియోగంలో ఉంది. మలయాళ భాషను సిరియాక్ అక్షరాలతో రాసే 'సురియాని మలయాళం' అనే లేఖన సంప్రదాయం కూడా అక్కడ వెలసింది.

ఈ లిపి కుడి నుండి ఎడమకు సాగుతుంది. మూలాక్షరాలు 22, అన్నీ హల్లులే. అక్షరాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. స్థానాన్ని బట్టి రూపం మారుతుంది. ఎస్త్రంగేలా అనే ప్రాచీన శైలి, సెర్తో అనే పశ్చిమ శైలి, మద్నహాయా అనే తూర్పు శైలి – ఇలా మూడు ప్రధాన లేఖనశైలులున్నాయి. ఈ మూడింటిలోనూ దాలత్, రీష్ చుక్కను బట్టి మాత్రమే వేరవుతాయి. మిగిలిన రూపం ఒక్కటే: తన కుడివైపు అక్షరంతో కలిసి, ఎడమవైపు అక్షరంతో కలవకుండా నిలిచే చిన్న వంపుగీత.

3. ఒకే రూపం, రెండు ధ్వనులు:

ఈ రూపసామ్యం సిరియాక్‌లో పుట్టినది కాదు. ఫినీషియన్ లిపిలోనే దాలెత్, రేష్ దగ్గరి పోలికలు గల అక్షరాలు: రెండింటికీ త్రికోణాకారపు తల, తోక పొడవులో తేడా. అరమాయిక్ లేఖకుల చేతిలో ఆ తలలు పైభాగాన తెరుచుకున్నాయి, తోకల తేడా తగ్గింది. అరమాయిక్ నుండి శాఖలుగా విడిపోయిన పలు లిపులలో ఈ రెండక్షరాలు దాదాపుగానో పూర్తిగానో ఏకమయ్యాయి.

దీని ఫలితాలు పాఠచరిత్రలో కనిపిస్తాయి. హీబ్రూ చతురస్ర లిపిలో ఈ రెండక్షరాలు పూర్తిగా ఒకటి కాకపోయినా చాలా దగ్గరగా ఉంటాయి. హీబ్రూ బైబిలులో రెండవ సమూయేలు గ్రంథం 8వ అధ్యాయంలో 'హదదెజెర్' అని ఉన్న రాజు పేరు మొదటి దినవృత్తాంతాల గ్రంథం 18వ అధ్యాయంలో 'హదరెజెర్'గా కనిపిస్తుంది. అదే సమూయేలు అధ్యాయం 13వ వచనంలో హీబ్రూ పాఠం 'అరామ్' అంటుండగా, గ్రీకు సెప్టువజింత్, సిరియాక్ పెషిత్తా అనువాదాలు 'ఎదోమ్' అంటాయి. అరామ్ ఉత్తరాన ఉన్న దేశం. ఎదోమ్ దక్షిణాన ఉన్నది. ఒక అక్షరం మారితే యుద్ధం జరిగిన దిక్కే మారిపోతున్నది.

సిరియాక్ పదజాలంలోనూ ఇట్టి జంటలకు కొదవ లేదు. హల్లులను మాత్రమే తీసుకుంటే 'దమా' (రక్తం), 'రామా' (ఉన్నతమైన) అనే మాటలకు తేడా మొదటి అక్షరంలోనే ఉంది. 'చేయు' అనే అర్థం గల ధాతువు దాలత్‌తో ముగుస్తుంది. 'దాటు' అనే అర్థం గల ధాతువు మిగిలిన రెండు హల్లులూ అవే ఉంచుకొని రీష్‌తో ముగుస్తుంది. వాక్యంలో సందర్భం చాలాసార్లు సహాయపడుతుంది. రెండు వ్యక్తినామాల మధ్య 'బ'కారం తరువాత ఈ గుర్తు వస్తే అది కుమారుడు అనే అర్థం గల 'బర్' అని సులభంగా గ్రహించవచ్చు. వ్యక్తినామాల లోపలనే అసలు చిక్కు. నామానికి సందర్భం అర్థాన్నివ్వదు. మరొక చోట స్పష్టంగా లభించని పేరును రెండు విధాలా చదవవచ్చు. రెండూ సెమిటిక్ నామాలుగా సాధ్యమైనవే కావచ్చు. ఎదెస్సా ప్రాంతపు తొలి శాసనాలలో సమాధులకు, స్మారకాలకు చెందినవి ఎక్కువ. వాటి సమాచారంలో ప్రధానభాగం పేర్లే.

4. చుక్క ప్రవేశం:

ఈ అయోమయాన్ని తొలగించడానికి లేఖకులు చుక్కను ఆశ్రయించారు. తేదీ గల సిరియాక్ సాహిత్య వ్రాతప్రతులలో అతి ప్రాచీనమైనది సా.శ. 411లో ఎదెస్సాలో రాయబడింది. ప్రస్తుతం బ్రిటిష్ లైబ్రరీలో అదనపు వ్రాతప్రతుల వరుసలో 12150 సంఖ్యతో ఉంది. ఆ ప్రతి నాటికే దాలత్, రీష్‌లను వేరుచేసే చుక్కలు వాడుకలో ఉన్నాయి. తరువాతి కాలంలో సిరియాక్ లేఖనంలో చుక్కల వినియోగం ఎంతగానో విస్తరించింది. బహువచనాన్ని తెలిపే జంటచుక్కలు 'స్యామే', హల్లు స్పర్శంగా పలకాలో ఊష్మంగా పలకాలో తెలిపే 'కుష్షాయా', 'రుక్కాఖా' చుక్కలు, అచ్చులను తెలిపేవి, ఒకే హల్లులు గల వేర్వేరు పదాలను విడదీసేవి, వాక్యపఠనాన్ని నిర్దేశించేవి – ఇలా చుక్కకు అనేక ప్రయోజనాలు ఏర్పడ్డాయి. జె. బి. సెగల్ 1953లోను, జార్జ్ కిరాజ్ 2015లోను ఈ చుక్కల చరిత్రపైనే ప్రత్యేక గ్రంథాలు వెలువరించారంటే విషయవిస్తృతిని ఊహించవచ్చు.

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. మిగిలిన చుక్కలు అక్షరానికి అదనంగా చేరేవి. తీసివేసినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. దాలత్, రీష్‌ల చుక్క అట్టిది కాదు. దానిని తీసివేస్తే మిగిలేది దాలత్ కాదు, రీష్ కాదు. రెండింటికీ పూర్వరూపమైన మూడవ గుర్తు.

5. యూనికోడ్‌లో మూడు సంకేతాలు:

పాల్ నెల్సన్, జార్జ్ కిరాజ్, సార్గన్ హస్సో 1998లో సమర్పించిన ప్రతిపాదన ఆధారంగా సిరియాక్ లిపి 1999లో వెలువడిన యూనికోడ్ 3.0లో చేరింది. మూడు లేఖనశైలులకు వేర్వేరు సంకేతాలివ్వలేదు. శైలీభేదాన్ని ఫాంటుకు వదిలి, అక్షరానికి మాత్రమే సంఖ్యనిచ్చారు. అలాఫ్ ఎస్త్రంగేలాలో ఒక విధంగా, సెర్తోలో మరొక విధంగా కనిపించినా దాని సంకేతం ఒక్కటే. ఈ సూత్రాన్ని యథాతథంగా అనుసరిస్తే చుక్క లేని రూపాన్ని కూడా దాలత్, రీష్‌ల ప్రాచీన శైలీరూపంగానే పరిగణించి, చుక్కను దాచే ఫాంటును తయారుచేస్తే చాలుననిపించవచ్చు. ప్రమాణం ఆ మార్గాన్ని అనుసరించలేదు. దాలత్‌కు షోడశాంశ పద్ధతిలో 0715 (దశాంశంలో 1813), రీష్‌కు 072ఎ (1834), చుక్క లేని దాలత్–రీష్‌కు 0716 (1814) సంకేతాలుగా నిర్ణయించింది. తొలికాలంలో భేదం పాటించని సందిగ్ధరూపం కోసమే ఈ మూడవది అని అక్షరపటంలో సూచించింది.

కారణం స్పష్టం. ఫాంటు ద్వారా చుక్కను దాచినా లోపలి సంఖ్య దాలత్‌దో రీష్‌దో అయి తీరాలి. తెరపై మూలం కనిపిస్తుంది. నిల్వలో మాత్రం పరిష్కర్త నిర్ణయం ఉంటుంది. చూపుకూ సంఖ్యకూ మధ్య ఇట్టి వైరుధ్యం ఉన్న పాఠాన్ని ఎవరు నకలు తీసుకున్నా నిర్ణయమే వెళ్తుంది, సందేహం వెళ్లదు.

సాంకేతిక లక్షణాలలో ఈ మూడూ ఒకే కుటుంబం. మూడూ అక్షరాలే, మూడూ కుడి నుండి ఎడమకు సాగేవి, కుడివైపు మాత్రమే కలిసేవి. యూనికోడ్ దత్తాంశంలో వీటి కలయికవర్గం పేరే 'దాలత్ రీష్'. యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్కటి రెండు బైట్లుగా నిల్వ అవుతుంది: దాలత్ 220, 149, చుక్క లేనిది 220, 150, రీష్ 220, 170. మొదటి బైటు సమానం, రెండవది వేరు. కంప్యూటరు దృష్టిలో ఈ మూడూ పూర్తిగా వేర్వేరు అక్షరాలు.

చుక్కను విడిగా సంకేతించి, చుక్క లేని రూపానికి చేర్చే పద్ధతిని ఎందుకు ఎన్నుకోలేదన్న ప్రశ్న సహజం. దాలత్ స్పర్శ–ఊష్మ భేదం పొందే ఆరు హల్లులలో ఒకటి. ఊష్మోచ్చారణను తెలిపే రుక్కాఖా చుక్క కూడా అక్షరం కిందనే వస్తుంది. కనుక పూర్తి చుక్కలతో రాసిన పాఠంలో దాలత్ కింద రెండు చుక్కలు ఉండవచ్చు: ఒకటి అక్షరానిది, రెండవది ఉచ్చారణది. రెండింటినీ ఒకే చుక్కతో సంకేతిస్తే ఏది ఏదో తేలదు. అందుకే అక్షరంలో భాగమైన చుక్క అక్షరంతోనే ఉండిపోయింది.

6. పొరుగు లిపులు – భిన్న పరిష్కారాలు:

ఇదే సమస్య ఇతర అరమాయిక్ లిపులలో ఎదురైనప్పుడు యూనికోడ్ ఒకే పరిష్కారాన్ని పాటించలేదు. సిరియా ఎడారిలోని పాల్మైరా నగరపు లిపి 2014లో యూనికోడ్ 7.0లో చేరింది. అక్కడ కూడా దాలెత్, రేష్ రూపాలు ఒకటే. కొన్ని శాసనాలలో రేష్‌పై చుక్క కనిపిస్తుంది. దానికి రెండు సంకేతాలే ఇచ్చారు. నేటి ఇరాక్‌లోని హాత్రా నగరపు లిపి 2015లో యూనికోడ్ 8.0లో చేరింది. ఆ లిపిలో ఈ రెండక్షరాలు పూర్తిగా ఏకమయ్యాయి. అందువల్ల 'దాలెత్–రేష్' అనే ఒకే అక్షరాన్ని సంకేతించి, రేష్‌కు విడిగా స్థానమివ్వలేదు.

సిరియాక్‌కు మూడు, పాల్మైరీన్‌కు రెండు, హాత్రన్‌కు ఒకటి. పైకి అస్థిరంగా తోచినా ఇందులో తర్కం ఉంది. హాత్రన్ లిపికి భేదం తెలియదు. లేని భేదాన్ని సంకేతించడం అనవసరం. సిరియాక్ లిపి రెండు దశలనూ చూసింది: భేదం లేని శాసనదశ, భేదం స్థిరపడిన వ్రాతప్రతుల దశ. రెండు దశల పాఠాలూ ఒకే భాషకు, ఒకే సంప్రదాయానికి చెందినవి కనుక ఒకే సంకేతవ్యవస్థలో రెండింటికీ చోటుండాలి. పాల్మైరీన్ విషయంలో మాత్రం భారం పరిష్కర్తపై పడింది. చుక్క లేని గుర్తును అతడు దాలెత్‌గానో రేష్‌గానో నిర్ణయించవలసి ఉంటుంది. అరబీ లిపి మాత్రం సిరియాక్ దారిలోనే నడిచింది. తొలి ఖురాన్ వ్రాతప్రతులలో చుక్కలు విరళం కాబట్టి చుక్క లేని 'బా', చుక్క లేని 'ఖాఫ్' రూపాలు 2002లో యూనికోడ్ 3.2లో చేరాయి.

7. కనిపించినదా, చదివినదా?

0716 సంకేతాన్ని ఎప్పుడు వాడాలన్నది పరిష్కర్త ముందున్న అసలు ప్రశ్న. మూడు సందర్భాలను వేరుచేయడం అవసరం.

ఒకటి: లేఖకుడు భేదాన్ని పాటించని కాలపు శాసనం. అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. ఏ ధ్వనికి గుర్తన్నదే సందిగ్ధం. 0716 ఉద్దేశించినది దీని కొరకే.

రెండు: చుక్కలు పాటించే వ్రాతప్రతిలో ఒకచోట చుక్క చెరిగిపోయింది. అక్కడ లేఖకుడు నిర్దిష్టాక్షరమే రాశాడు, నష్టమైనది ఆధారం. ఇక్కడ నిర్ణీతాక్షరాన్ని ఇచ్చి, అది సందేహాస్పదమన్న విషయాన్ని టీఈఐ వంటి పాఠాంకన పద్ధతిలో తెలపడం ఉచితం.

మూడు: రాయి పగిలి గీతే సరిగా కనిపించడం లేదు. ఇది ఏ అక్షరానికైనా జరగగల నష్టం. దీనికి ప్రత్యేకాక్షరంతో సంబంధం లేదు.

మొదటిది అభేదం, తక్కినవి అస్పష్టత. ముద్రిత సంప్రదాయం ఈ భేదాన్ని చూపడానికి అంతగా సహకరించదు. శాసనపరిష్కర్తలు 1931 నుండి అనుసరిస్తున్న లైడెన్ పద్ధతిలో సందేహాస్పదాక్షరం కింద చుక్క పెడతారు. సిరియాక్ అక్షరాలతోనే అచ్చువేస్తే ఆ చుక్క ఈ రూపాన్ని దాలత్‌గా మార్చివేస్తుంది. సందేహచిహ్నమే నిర్ణయంగా మారుతుంది. రోమన్ లిప్యంతరీకరణలోనైతే 'ద', 'ర'లలో ఒకదానిని రాయక తప్పదు.

పాఠం ఒకసారి 0715గా నిల్వ అయితే, మూలంలో చుక్క ఉన్నందున అలా రాశారా, పరిష్కర్త ఊహించి రాశాడా అన్నది తరువాతివారికి సంఖ్యను బట్టి తెలియదు. ఒక అక్షరపు తరచుదనాన్ని లెక్కించినా, వ్యక్తినామాల పట్టిక తయారుచేసినా ఊహలు ఆధారాలతో సమానంగా లెక్కలోకి వస్తాయి. చిత్రాల నుండి అక్షరాలను గుర్తించే యంత్రాలకు ఇట్టి పాఠాలతో శిక్షణ ఇస్తే సమస్య మరింత పెరుగుతుంది. చుక్క లేని చిత్రానికి చుక్క ఉన్న అక్షరాన్ని జతచేసి చూపినప్పుడు యంత్రం నేర్చుకునేది చూడడం కాదు, ఊహించడం. తరువాత అది ఇచ్చే పాఠాన్ని మూలానికి సాక్ష్యంగా స్వీకరించలేం.

8. వినియోగంలో జాగ్రత్తలు:

మొదటిది: 0716కు కింద చుక్కను చేర్చి దాలత్‌ను తయారుచేయరాదు. తెరపై ఒకేలా కనిపించినా యూనికోడ్ సామాన్యీకరణ నియమాల ప్రకారం ఆ జంట 0715కు సమానం కాదు. వెతుకులాటలో ఒకటి రెండవదానికి దొరకదు.

రెండవది: స్యామే విషయం. బహువచన పదంలో రీష్ ఉంటే స్యామే జంటచుక్కలు సాధారణంగా దానిపైనే చేరతాయి. రీష్ సొంతచుక్క ఆ జంటలో కలిసిపోతుంది. 'పురుషులు' అనే అర్థం గల 'గబ్రే' ఇందుకు ఉదాహరణ. చూడడానికి చుక్క లేని రూపంపై రెండు చుక్కలు పెట్టినట్లుంటుంది. అయినా అక్కడ రాయవలసింది రీష్ సంకేతం, దాని తరువాత జంటచుక్కల సంకేతం. చుక్కలను కలిపే పని ఫాంటుది. జంటచుక్కలు పైన ఉండి, కింద చుక్క లేకపోవడమే అది రీష్ అని తెలుపుతున్నది కనుక అక్కడ సందిగ్ధత లేదు.

మూడవది: అన్వేషణ. పేరును వెతికే పరిశోధకుడు మూలంలో చుక్క ఉందో లేదో ముందుగా తెలుసుకోలేడు. కాబట్టి నిల్వలో మూడు సంకేతాలనూ విడిగా ఉంచి, వెతికేటప్పుడు మాత్రం మూడింటినీ ఒకే వర్గంగా పరిగణించేలా దత్తాంశనిధిని రూపొందించాలి. నిల్వలోనే ఏకం చేస్తే భేదం శాశ్వతంగా పోతుంది. అన్వేషణలో ఏకం చేస్తే ఏదీ పోదు.

నాల్గవది: పరిష్కర్త తన పఠనాన్ని దాచుకోనవసరం లేదు. మూలరూపంలో 0716ను ఉంచి, దానికి సమాంతరంగా 'ఇది రీష్' అన్న పఠనాన్ని పాఠాంకనంలో ఇవ్వవచ్చు. అప్పుడు సాక్ష్యం, అభిప్రాయం రెండూ పక్కపక్కనే నిలుస్తాయి.

9. తెలుగు శాసనపాఠాలతో పోలిక:

తెలుగు పరిశోధకులకు ఈ చర్చ దూరమైనది కాదు. ప్రాచీన శాసనాలలో, పలు తాళపత్రప్రతులలో ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు హ్రస్వదీర్ఘభేదం లిపిలో చూపలేదు. పరిష్కర్తలు భాషాజ్ఞానంతో, పద్యమైతే ఛందస్సుతో నిర్ణయించి ముద్రించారు. అయినా రెండు సందర్భాలకూ ముఖ్యమైన తేడా ఉంది. సిరియాక్‌లో దాలత్, రీష్ రెండూ చుక్క గలవే. చుక్క లేని రూపం రెండింటిలో దేనికీ చెందదు. అందుకే మూడవ సంకేతం అవసరమైంది. తెలుగులో దీర్ఘానికి మాత్రమే అదనపు చిహ్నం ఉంది. దీర్ఘచిహ్నం లేని రూపాన్ని హ్రస్వసంకేతంతోనే రాయగలం. కొత్త సంకేతం అక్కరలేదు.

ఈ సౌకర్యంలోనే ఒక చిక్కుంది. శాసనంలో ఉన్నదున్నట్లు హ్రస్వసంకేతాన్ని వాడితే, ఆధునిక పాఠకుడు దానిని నిజమైన హ్రస్వంగా భావిస్తాడు. సందిగ్ధత కంటికి కనిపించదు. పరిష్కరించి దీర్ఘం రాస్తే మూలరూపం కనుమరుగవుతుంది. తెలుగు శాసనాల డిజిటల్ పాఠాలను రూపొందించేవారు ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో పాఠంతోపాటే ప్రకటించడం, మూలరూపాన్ని, పరిష్కృతరూపాన్ని జంటగా భద్రపరచడం ఇందుకు తగిన మార్గం.

10. ముగింపు:

చుక్క లేని దాలత్–రీష్ సంకేతం సిరియాక్ పాఠాలలో చదవలేనిదాన్ని చదివించదు. ఇంకా తేలని విషయాన్ని తేలనిదిగానే భద్రపరచే వీలు కల్పిస్తుంది. ఎదెస్సా సమాధిరాతిపై ఉన్న ఒక పేరు దాలత్‌తో ఉందో రీష్‌తో ఉందో రేపు లభించే మరొక శాసనం తేల్చవచ్చు. నేటి డిజిటల్ పాఠంలో సందేహం సందేహంగా ఉంటేనే రేపటి ఆధారానికి అక్కడ చోటుంటుంది. సంకేతాల ఎంపికను సాంకేతిక సహాయకులకు అప్పగించి ఊరుకోక, పాఠపరిష్కరణలో అంతర్భాగంగా స్వీకరించవలసిన బాధ్యత పరిశోధకులదే. ఈ నియమం సిరియాక్‌కే కాక, లిపిపరిణామం చూసిన ప్రతి భాషకూ వర్తిస్తుంది.